పదిహేడు మూతలు

నవంబరు 8, శనివారం

నా కోడలు ధనలక్ష్మీ నేనూ మాట్లాడుకోక ఈరోజుకి ఆరు రోజులు. తప్పు నాదేనని ఇరుగూ పొరుగూ తీర్మానించినట్టుంది. వానలకి సముద్రం మీద చేపల వేటకి పోయేవాళ్లు తక్కువ, తీర్మానాలు ఎక్కువ.

నేనన్నది ఒక్క మాట. దాని చెల్లెలు వనజాక్షి వచ్చిన రోజు మధ్యాహ్నం రెండున్నరకి అన్నం పెట్టింది నా కోడలు. "మీ అక్కకి గడియారం చూడటం ఇంకా రాలేదమ్మా" అన్నాను. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న మనిషిని. ఆకలేస్తే ఆ మాత్రం అనకూడదా? ధనలక్ష్మి మొహం తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నాను. నా మొహం అరవై ఎనిమిదేళ్లది, తిరగడానికి టైము పడుతుంది. మళ్లీ ఇటు రావడానికి ఇంకా పడుతుంది.

మా మధ్య రాయబారి చెంచులక్ష్మి. నా మనవరాలు, ఏడేళ్లు. "చెంచూ, పులుసులో ఉప్పు లేదని మీ అమ్మతో చెప్పు" అంటే వంటింట్లోకి పోయి, "అవ్వ పులుసు బాగుందంటా ఉండాదిమా" అని చెబుతుంది. నాకు వినపడుతూనే ఉంటుంది. సరిదిద్దను. ఈ ఇంట్లో చదువుకున్నది అదొక్కతే.

నా కొడుకు శివశంకర్ బోటెక్కి వారం రోజులు. పద్దెనిమిదో పంతొమ్మిదో అయితే గాని హార్బరులో దిగడు. అంతవరకు ఫోను అందదు.

సాయంత్రం పిల్ల ఒళ్లు వెచ్చబడింది. ఏడింటికి నా అలమరలోంచి జ్వరం సిరప్ తీసి ఒక మూత పోశాను. ఏడున్నర ఎం.ఎల్.


నవంబరు 9, ఆదివారం

జ్వరం నూట రెండు. పొద్దున ఏడింటికి ఒక మూత. దాని తల్లి పిల్లని నా మంచం మీద పడేసి వంటింట్లోకి పోయింది. బిడ్డకి మందు పోయాలని తోచదు, ఫోను చూడటానికి మాత్రం ఖాళీ దొరుకుతుంది రాణిగారికి.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక మూత. "ఇందాకే తాగినాను అవ్వా" అంది చెంచు. మందు తప్పించుకోవడానికి అబద్ధం. నా దగ్గరా? కొన్ని వేల మంది పిల్లల అబద్ధాలు విన్న చెవులివి. ముక్కు మూసి పోశాను. ఏడ్చింది.

రాత్రి ఏడింటికి ఒక మూత.


నవంబరు 10, సోమవారం

మామూలు వైరల్ జ్వరమే. మూడో రోజుకి తగ్గుతుంది. ఆస్పత్రికి పోదామని ధనలక్ష్మి పక్కింటి కామాక్షమ్మతో గట్టిగా అంది, నాకు వినపడాలని. నేను కూడా కామాక్షమ్మతోనే అన్నాను, "ప్రతి జ్వరానికీ ఆస్పత్రి అంటే ఆస్పత్రులు చాలవు" అని. కామాక్షమ్మ మా ఇద్దరి మధ్యా నిలబడి అటూ ఇటూ చూసి, పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

ఏడు, ఒకటి, ఏడు. ఒంటిగంటది కక్కేసింది. మళ్లీ పోశాను.


నవంబరు 11, మంగళవారం

పొద్దున ఏడింటికి ఒక మూత. తొమ్మిదింటికల్లా జ్వరం తగ్గింది, నేను చెప్పానా అనుకున్నాను. పదింటికి పిల్ల లేవడం లేదు. పొట్ట పట్టుకుని మూలుగుతోంది. కళ్లలో పసుపు.

కావలికి ఆటోలో. తల నా ఒళ్లో, కాళ్లు దాని తల్లి ఒళ్లో. దారి పొడుగునా మేము పిల్లతోనే మాట్లాడాము. పిల్ల ఎవరికీ జవాబివ్వలేదు. కావలిలో రక్తం చూసి, డెంగీ అన్నారు, కాలేయం దెబ్బతిందన్నారు, నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు.

ఇప్పుడు నెల్లూరు ఆస్పత్రిలో, పిల్లల ఐ.సి.యు. బయట ఇనప బెంచీ మీద రాస్తున్నాను. కొంగు నిండుగా కప్పుకున్నాను. ఏ.సి. వల్ల.


నవంబరు 12, బుధవారం

లోపలికి ఒకరినే పోనిస్తారు, పదకొండింటికీ ఐదింటికీ. ఇద్దరికీ కలిపి ఒకే పాసు. ధనలక్ష్మి బయటికి వచ్చి పాసు నా చేతిలో పెడుతుంది, నేను లోపలికి పోతాను. మాటలతో పనిలేని ఏర్పాటు. మాకోసమే చేసినట్టుంది.

చెంచు కుడి డొక్క మీద, పక్కటెముకల అంచున, పోస్టు స్టాంపుకి నాలుగింతలుండే అతుకు అంటించారు. దాన్నుంచి వైరు ఒక పెట్టెకి. సూది లేదు, కోత లేదు. నర్సు ఎస్తేరమ్మని అడిగాను. చెప్పింది. అతుకులోంచి కంటికి కనపడని కాంతి లోపలికి పోయి, కాలేయాన్ని తాకి తిరిగొస్తుందట. తిరిగొచ్చిన కాంతిని బట్టి అక్కడి రక్తంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో పెట్టె లెక్కకడుతుందట. పదో తరగతికి కాంతి పాఠం ముప్పై రెండుసార్లు చెప్పాను. పరావర్తనం, వక్రీభవనం. అది నా మనవరాలి డొక్కలోకి పోతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

వేలికి పెట్టిన మీటరు తొంభై ఎనిమిది అంటోంది. సంతోషించబోయాను. "అది ఒళ్లంతటికీ అమ్మా. లివరుది వేరే ఉండాది, చూడండి" అంది ఎస్తేరమ్మ. వేరేది అరవై ఎనిమిది.

డాక్టరు రవి కుమార్. చిన్నవాడు, మెడ పొడుగు. నా క్లాసులో అయితే వెనక బెంచీలో కూర్చోబెట్టేదాన్ని, లేకపోతే వెనకవాళ్లకి బోర్డు కనపడదు. "ఎంతుందన్నది కాదమ్మా ముఖ్యం, ఎటు పోతోందో చూడాలి" అన్నాడు. తర్వాత మా ఇద్దరినీ కలిపి అడిగాడు. "జ్వరానికి ఏం ఇచ్చారు?"

"సిరప్ సార్" అంది ధనలక్ష్మి. "మూడు పూటలా. ఏడున్నర."

రాసుకుని వెళ్లిపోయాడు.

అది చెప్పింది సరిగ్గానే ఉంది. మూడు పూటలా, ఏడున్నర. నేను చెప్పినా అదే చెబుతాను. మళ్లీ చెప్పేదేముంది?


నవంబరు 13, గురువారం

పొద్దున అరవై ఆరు. సాయంత్రం అరవై మూడు.

దాని దగ్గర ఒక సీసా ఉందని నాకెట్లా తెలుస్తుంది? వంటింట్లో ఎక్కడ పెట్టుకుందో. నా దగ్గర ఒకటి ఉందని దానికెట్లా తెలుస్తుంది?

నేను లెక్కల టీచర్ని కాదు. సైన్సు టీచర్ని.

డెంగీకి కాలేయం వాస్తుంది. పుస్తకంలోనే ఉంది. డెంగీయే.


నవంబరు 14, శుక్రవారం, పొద్దున

బాలల దినోత్సవమట. ఐ.సి.యు. తలుపుకి ఎవరో బెలూన్లు కట్టారు. ఒకటి గాలి పోయి వేలాడుతోంది. దాన్ని చూడలేక లేచి పోయి ఊడదీశాను. వాచ్‌మన్ ఏమీ అనలేదు. నా మొహం అట్లా ఉండి ఉంటుంది.

యాభై నాలుగు.

"మీరు ఆ పెట్టెనే చూస్తా ఉంటే అది బెదిరి దిగతా ఉండాదమ్మా" అంది ఎస్తేరమ్మ. "పిల్లని చూడండి. నేను ప్రార్థన చేస్తా ఉండా, మీకేం అభ్యంతరం లేదు గదా?"

"నాకు మీ దేవుడితో పరిచయం లేదమ్మా. నీకుంటే చెప్పు."

"అందరితో ఇట్నే మాట్లాడతారా?"

"ఇది మంచిగా మాట్లాడటం."

నవ్వింది. నవ్వుతూనే పెట్టె వంక చూసింది. నవ్వు ఆపేసింది. నలభై తొమ్మిది.


అదే రోజు, మధ్యాహ్నం

ఇది వివరంగా రాయాలి. రాయకపోతే వారం తర్వాత వేరే రకంగా జ్ఞాపకం చేసుకుంటాను. నన్ను నేనెరుగుదును.

డాక్టరు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. డాక్టర్లు కూర్చోమంటే భయం.

"బి.పి. బాగుంది. గుండె బాగుంది. సెలైన్ సరిపడా పోతోంది. ఒళ్లంతా మాట వింటోంది, కాలేయం ఒక్కటే వినడం లేదు. నిన్నటి నుంచి పద్నాలుగు దిగింది. డెంగీ ఒక్కటే ఇంత చేసిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. పసరు గాని, నాటు మందు గాని పెట్టారా? కోప్పడను. చెప్పండి."

"బిడ్డ మీద ఒట్టు సార్, ఏం పెట్టలేదు" అంది ధనలక్ష్మి. "సిరప్ ఒకటే. నేనే పోసినాను. ఆరు, పన్నెండు, ఆరు. గడియారం చూసి పోసినాను."

గడియారం అనేటప్పుడు నా వంక చూడలేదు. చూడక్కర్లేదు.

అప్పుడు కూడా ఊరుకోవచ్చు. రెండు రోజుల నుంచి ఊరుకుంటున్నదాన్నే. ఆ గదిలో తెలిసినది నా ఒక్కదానికే. ఇంతమంది పెద్ద చదువుల వాళ్లు ఏవేవో పరీక్షలు చేస్తున్నారు, వాళ్లే కనుక్కుంటారులే అనిపించింది. అట్లా ఎంతసేపు అనిపించిందో చెప్పలేను. డాక్టరు ఫైలు మూయబోయాడు.

"నేనూ పోశాను" అన్నాను.

"మీరూ అంటే?"

"మూడు పూటలా. ఏడు, ఒకటి, ఏడు. నా సీసా వేరే."

ధనలక్ష్మి నా వైపు తిరిగింది. "ఏంది అత్తా?" అంది. పన్నెండు రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట.

"నీకు తెలీదు. నాకూ తెలీదు. మనం మాట్లాడుకోవడం లేదు గదా."

డాక్టరు కలం తీశాడు. "ఎప్పుడెప్పుడు, ఎంతెంత? ఊహించి చెప్పొద్దు. విరుగుడుకి నాకు సరైన లెక్క కావాలి."

"రాసుకున్నాను" అని సంచిలోంచి ఈ పుస్తకం తీశాను. పేజీ తెరిచాను. అక్షరాలు నిలబడటం లేదు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను.

ధనలక్ష్మి నా చేతిలోంచి తీసుకుంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నా నోరు! చదవడం మొదలుపెట్టింది.

"ఎనిమిదో తారీకు, రాత్రి ఏడింటికి ఒక మూత." ఆగింది. "ఆ రోజు ఆరింటికి నేనొకటి పోసినాను సార్, రాసుకోండి."

"తొమ్మిదో తారీకు. పొద్దున ఏడింటికి ఒక మూత." మళ్లీ ఆగింది. ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. రాణిగారి దగ్గర. ఆ వాక్యం పొడుగెంతో కూడా తెలుసు, ఆమె కళ్లు దాన్ని దాటడానికి పట్టినంత. గొంతులో మార్పు లేదు. "అంతకు ముందు ఆరింటికి నాది సార్. మళ్లా పన్నెండుకు నాది. తర్వాత ఇక్కడ ఉండాది, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక మూత."

తర్వాతి వాక్యం కూడా వదిలేస్తుందనుకున్నాను. వదిలేసి ఉంటే బాగుండును. గట్టిగా చదివింది.

"ఇందాకే తాగినాను అవ్వా అంది చెంచు. మందు తప్పించుకోవడానికి అబద్ధం. నా దగ్గరా."

డాక్టరు తల ఎత్తలేదు. పిల్ల నిజం చెప్పింది. గంట ముందే తాగింది. నాకు మనుషులందరి అబద్ధాలూ తెలుసు. ఆ గర్వంతో ముక్కు మూసి పోశాను.

ధనలక్ష్మి పేజీ తిప్పింది. కక్కేసిందీ, మళ్లీ పోసిందీ చదివింది. పదకొండో తారీకు పొద్దుటిది చదివింది. తనవి మధ్యమధ్యలో చెప్పింది. డాక్టరు కాగితం మీద రెండు వరుసలు. నావి తొమ్మిది. ఆమెవి ఎనిమిది. మూడు రాత్రుల లోపల పదిహేడు మూతలు, పద్దెనిమిది కిలోల పిల్లకి.

"రక్తంలో ఇప్పుడు ఆ మందు దొరక్కపోవచ్చు" అన్నాడు డాక్టరు. "ఈ కాగితమే రిపోర్టు. ఈ జ్వరం మందు మోతాదు మించితే కాలేయాన్నే కొడుతుంది." లేచాడు. తిట్టలేదు. "రెండు రోజుల కింద చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నాడు, అంతే. తిడితే తీసుకోగలిగేదాన్ని.

"విరుగుడు పనిచేస్తుందా సార్?" ధనలక్ష్మి.

"ఇప్పుడే మొదలుపెడతాం. నలభై కంటే కిందికి పోతే చెన్నై పంపాలి. ఆ ప్రయాణం పాప తట్టుకుంటుందో లేదో చెప్పలేను. ఆ నంబరు నలభైకి రాకుండా చూడటమే ఇప్పుడు మన పని."

బయటికొచ్చాక పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. "నా గురించి రాసిందేదీ చదవలేదు అత్తా" అంది.

"చదివావు."

"చదివినాను. గట్టిగా చదవలేదు."

పక్కనే కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.


నవంబరు 15, శనివారం

నలభై ఆరు.


నవంబరు 16, ఆదివారం

పదకొండింటికి లోపలికి పోయి పెట్టెకి వీపు పెట్టి కూర్చున్నాను, ఎస్తేరమ్మ చెప్పినట్టు పిల్లని చూద్దామని. చెంచు పెదాలు ఎండి పగిలాయి. చేతికి, మెడకి గొట్టాలు. చొక్కా తీసేసిన డొక్క మీద ఆ అతుకు ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది. ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను. తిరిగి చూశాను. నలభై రెండు.

బయటికొచ్చి పాసు ఇస్తూ, "నలభై నాలుగు" అని ధనలక్ష్మికి చెప్పాను.

లోపలికి పోయి వచ్చింది. "నలభై రెండు అత్తా" అంది. "ఇంక మీరు నాతో తగ్గించి గాని, పెంచి గాని చెప్పబాకండి. ఒకటైనా సరే. నేను చావనైనా చస్తా గానీ సరైంది చెప్పండి."

సరైందే చెబుతానని మాటిచ్చాను. నా కంటే చిన్నవాళ్లకి మాటివ్వడం ఇదే మొదటిసారి.


నవంబరు 17, సోమవారం, పొద్దున

నలభై ఒకటి.

అంబులెన్సు కింద సిద్ధంగా ఉంచారట. కిటికీలోంచి కనపడుతోంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. ఆ టీ అయిపోకూడదు.


సాయంత్రం

నలభై ఒకటి. డాక్టరు వచ్చి పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయటికి రాగానే "ఎటు పోతోంది?" అని అడిగాను.

"ఎటూ పోవడం లేదమ్మా. ఆగింది."

ఆగింది అంటే మంచా చెడా అని అడగలేదు. ధనలక్ష్మి అడిగింది. "ఆగడమే ముందు కావాలి" అన్నాడు.


నవంబరు 18, మంగళవారం

నలభై నాలుగు. రాసే ముందు రెండుసార్లు లోపలికి పోయి చూశాను. రెండోసారి పాసు లేకుండా. వాచ్‌మన్ అటు తిరిగాడు.

సాయంత్రం నలభై ఎనిమిది. ధనలక్ష్మికి నలభై ఎనిమిదనే చెప్పాను.

ఆ నంబరు దిగుతున్నప్పుడు నిలబడగలిగాను, ఎక్కుతుంటే నిలబడలేకపోతున్నాను.


నవంబరు 19, బుధవారం

యాభై ఏడు. ఎస్తేరమ్మ మా ఇద్దరినీ ఒకేసారి లోపలికి పోనిచ్చింది. చెంచు కళ్లు తెరిచింది. తల్లిని చూసింది, నన్ను చూసింది. నీళ్లు అడిగింది. స్పూనుతో నేను పట్టబోతే పెదాలు గట్టిగా బిగించింది. "ఏందది?" అంది.

"నీళ్లేనమ్మా."

నమ్మలేదు. ధనలక్ష్మి అదే స్పూను తను ముందు నోట్లో పెట్టుకుని చూపించింది. అప్పుడు తాగింది.

వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నా దగ్గర పిల్ల నోరు బిగించింది. బాగుపడ్డాక కూడా బిగిస్తుందేమో. బిగించాలి కూడా.

మధ్యాహ్నం శంకర్ వచ్చాడు. హార్బరులో దిగగానే కామాక్షమ్మ చెప్పిందట, ఒంటి మీది ఉప్పు నీళ్లయినా కడుక్కోకుండా బస్సెక్కాడు. వాడు పక్కన కూర్చుంటే బెంచీ అంతా సముద్రం వాసన. లోపలికి పోయి చూసి వచ్చి, "ఎట్లయింది?" అన్నాడు.

"డెంగీ" అంది ధనలక్ష్మి. "దోమలు ఎక్కువైనాయి గదా వానలకి. డాక్టరు గూడా అదే చెప్పినాడు."

అబద్ధం కాదు. డాక్టరు చెప్పాడు కూడా. నా వంక చూడకుండా చెప్పింది, పాసు వాడి చేతికిచ్చి క్యాంటీనుకి టీ తెస్తానని పోయింది. నాకోసం మోస్తోంది. వద్దని ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఇకనుంచి జీవితాంతం నేను ఈమె దయ మీద బతకాలా అనిపించింది. నిజం చెబితే కొడుకు నాకు లేకుండా పోతాడేమో అని కూడా అనిపించింది. వాడికి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. రెండింటిలో ఏది ఎక్కువ భయమో తూచుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాను.


నవంబరు 20, గురువారం

అరవై నాలుగు. అతుకు రేపు తీసేస్తామన్నారు.

పొద్దున శంకర్‌ని ఆస్పత్రి ముందు వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయి చెప్పాను. రెండు సీసాలు. తొమ్మిది నావి, ఎనిమిది ధనలక్ష్మివి. పిల్ల చెప్పినా నమ్మకపోవడం. తెలిసి కూడా రెండు రోజులు నోరు మూసుకోవడం. ఏదీ తగ్గించలేదు. వాడు తాడు ముడి వేసుకుంటున్నట్టు వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి నేల చూస్తూ విన్నాడు.

"మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదని నాకెవురూ చెప్పలేదే" అన్నాడు.

"నువ్వు సముద్రంలో ఉన్నావు."

"ఉండకపోయినా చెప్పరు." నిట్టూర్చాడు. "నా బోటు సంచిలో గూడా అదే సిరప్ ఉండాదిమా. ఎప్పుడూ ఉంటది. నేను ఇంట్లో ఉంటే నేనూ పోసుందును, మిమ్మల్ని అడగకుండానే."

అది నన్ను ఓదార్చడానికే అన్నాడు. నా భుజం తట్టి, కూతుర్ని చూడటానికి లోపలికి పోయాడు.

నేను చెట్టు దగ్గరే ఉండిపోయాను. తొమ్మిది, ఎనిమిది, వాడు ఇంట్లో ఉంటే ఇంకో ఎనిమిది. లెక్కల టీచర్ని కాకపోయినా కూడుకున్నాను, ఇరవై ఐదు మూతలు.